ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య

పెద్దారవీడు మిషను బడి పంతులు ఆశీర్వాదం నెలకు పదిహేను రూపాయల జీతగాడు. అయినా కొత్త సైకిలెక్కి తిరిగేవాడు. అదంతా మార్కాపురం పక్కనున్న ఒక పలకల కంపెనీ వాటాల మహిమ. వానాకాలం గనిలోకి నీళ్ళు దిగి పని ఆగితే వాటా ధర ఎనిమిది రూపాయలకు పడేది. ఎండాకాలం బళ్ళకు పలకలు పంపే వేళకు పన్నెండుకు లేచేది. ఏజెంటు కాటమరాజు దగ్గర ఎనిమిదికి కొనడం, మళ్ళీ ఆయనకే పన్నెండుకు అమ్మడం. మూడేళ్ళు అదే వరస. చెమట పట్టని సంపాదన ఎంత తీపో చదువుకున్నవాళ్ళకు వేరే చెప్పాలా!

పంతులు పెట్టెలో ఇంకో సొమ్ము ఉంది. గనిలో రాళ్ళు మోసే పేట ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో పోసేముందు పిడికెడు కొర్రలో జొన్నలో తీసి దేవుడి కుండలో వేసేవాళ్ళు. అవి అమ్మి పంతులు దగ్గర దాచగా ఆరేళ్ళకు నూట అరవై రూపాయలయ్యాయి. బడికి రేకుల కప్పు వేయాలని వాళ్ళ ఆశ. కిందటేడు బడి బోదగడ్డి కప్పు కూలిపడి, ఆ ఆడవాళ్ళలో ఒకతె అయిన రోశమ్మ కూతురి చెయ్యి విరిగింది మరి.

పందొమ్మిది వందల ముప్పై అయిదో సంవత్సరం ఆషాఢంలో ధర ఎనిమిదికి దిగింది.

"ఈ తూరి ఇరవై తీసుకో పంతులూ. నా సొంత వాటాలే ఇస్తన్నా, నీ మీద అభిమానంకొద్దీ," అన్నాడు కాటమరాజు.

ఆశీర్వాదం ఎవరికీ చెప్పకుండా పెట్టె తెరిచి ఆ నూట అరవై తీశాడు. వచ్చే లాభంలో కొంత తనకనుకున్నాడు కూడా, అబద్ధమెందుకు!

ఎండాకాలానికి వాటాను రూపాయికైనా అడిగేవాడు లేడు. కంపెనీ మూతపడింది. కాటమరాజు కంభంలో మిద్దె కడుతున్నాడని విని పంతులు పరుగున పోయాడు.

"కొనమని నేనేమన్నా బలవంతం చేసినానా?" అని ఆయన తలుపేసుకున్నాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు.

చివరికి ఆడవాళ్ళ ముందు ఒప్పుకోక తప్పలేదు.

"ఎప్పుడు కొనినావు అయ్యోరా?" అంది రోశమ్మ.

"ఆషాఢంలో. వానలకు పడిందనుకున్నా."

"వానలేడివి? ఆ ఏడు చినుకన్నా రాలిందా? గని అడుగున చుక్క నీళ్ళు లేవు. మంచి రాయి అయిపోయింది, ఏది ఎత్తినా పెళుసే. తట్ట మోసిన మాకు తెలుసు, ఆ రాజుకూ తెలుసు."

ఆ ఆషాఢమంతా వాన కోసం బడిపిల్లల చేత ప్రార్థన చేయించింది ఆ పంతులే.

"మమ్మల్ని ఒక్కమాట అడిగింటే చెప్పేవాళ్ళం గదా! వాడంటే పరాయోడు. నువ్వు మావోడివి గదా అయ్యోరా," అని రోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కాటమరాజు చేసిన ద్రోహానికి కుమిలినవాడు తన ద్రోహం అప్పుడు చూశాడు. కంచే చేను మేసింది. అయ్యలారా, నలుగురి సొమ్ము దాచేవాళ్ళు ఈ మాట మరవొద్దు: సొంతదారులను అడగకుండా ముడితే, ధర పన్నెండుకు లేచినా అది దొంగతనమే. ధర పడింది కనుక బయటపడింది, అంతే.