ఎల్యూసిస్‌లో ఒక కుంటి పీట

నేను ఒక పీటను. ఆలివ్ కర్రతో చేశారు. నాలుగు కాళ్ళలో ఒకటి అర అంగుళం పొట్టి. చేసిన వడ్రంగి "మీ నేలే ఎగుడుదిగుడు" అని చెప్పి వెళ్ళిపోయాడు. కొలత తప్పిన మనిషి నేలను తిట్టడం అప్పుడే మొదటిసారి చూశాను.

గ్రీసు దేశం, ఎల్యూసిస్ ఊరు. దొరగారింటి వంటగదిలో ఇయాంబె అనే పనిమనిషి నా పొట్టికాలి కింద కుండపెంకు పెట్టి, నామీద కూర్చుని తిరగలిలో బార్లీ విసిరేది.

ఆ ఏడు చల్లిన గింజ మొలవలేదు. ఒక మధ్యాహ్నం నల్లముసుగు వేసుకున్న ముసలామె గుమ్మంలోకి వచ్చింది. కూతురు కనబడకుండా పోయినప్పటినుంచి ఏమీ ముట్టలేదట. ఆమె పంటల దేవత దిమీటర్ అనీ, ఆమె తిండి మానేస్తే భూమీ మానేస్తుందనీ అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అక్కడి ఆచారం ప్రకారం వచ్చినవాళ్ళు కూర్చున్నాకే ఏదైనా పెట్టాలి. దొరసాని మెటనీరా తన కుర్చీ చూపించింది. ముసలామె కదల్లేదు. ఇయాంబె పరుగున నన్ను తెచ్చి, గొర్రెతోలు పరిచింది. కంగారులో కుండపెంకు మరిచిపోయింది.

దేవత కూర్చుంది. నేను ఒరిగాను. ఆమె ఇయాంబె భుజం పట్టుకుని ఆగింది.

"భయపడకవ్వా," అంది ఇయాంబె. "ఈ ఇంట్లో తాగకుండా తూలేది ఇదొక్కటే."

"ఇయాంబే!" అంది మెటనీరా.

"దొరగారిని అనలేదమ్మా. ఆయన తూలరు, ఏకంగా పడిపోతారు."

ముసుగు కదిలింది. దేవత నవ్వుతుంటే నా పొట్టికాలు నేలమీద టకటక కొట్టుకుంది.

"బార్లీ నీళ్ళలో పుదీనా వేసి ఇస్తావుటే?" అంది.

విత్తనానికి దాచిన దోసెడు బార్లీయే మిగిలింది. ఇయాంబె దొరసాని వైపు చూసింది. దొరసాని తలూపింది. దేవత గిన్నె ఖాళీ చేసింది. మర్నాడు చేలో మొలక కనిపించింది.

కూతురు తర్వాత దొరికింది. ఆ కథకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఊళ్ళో ఆ దేవతకు గుడి కట్టాక పూజారులు అంతా చెప్పి, నవ్వు దగ్గర దగ్గి దాటేస్తారు. ఆడవాళ్ళు దాటెయ్యరు. పండగనాడు గుడిదారిలో ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటారు. అదే వాళ్ళ మొక్కు.

ఇయాంబె జుట్టు నెరిశాక, కొత్త వడ్రంగి ఒకడు నా కాలు సరిచేస్తానన్నాడు.

"ముట్టుకున్నావంటే నీ రంపం పొయ్యిలో పెడతాను," అంది. "ఆ చేసినాయన జన్మలో చేసిన మంచిపని ఇదొక్కటే."

ఇప్పుడు ఆమె పని మానేసింది. సాయంత్రం నన్ను వాకిట్లో వేసుకుని, కుండపెంకు తీసి పక్కన పెట్టి, కూర్చుంటుంది. కాసేపు అటూ ఇటూ ఊగుతుంది.