మైనంలో బొటనవేలి ముద్ర

ఈ వసంతంలో మా బర్చ్ చెట్టు మానులో ఊరే నీళ్లు తియ్యకూడదనుకున్నాను.

ఆవిరిస్నానపు పాక వెనకున్న ఆ చెట్టు మా మామగారు నాటింది. నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాణ్ణి. ఆ ఇంటి పద్ధతి వేరు. ఏటా కొత్త చిల్లు పెట్టరు. నిరుటి కొయ్య బిరడా పీకి, అదే చిల్లుని బరమాతో ఇంకాస్త లోపలికి తొలుస్తారు. చెట్టుకి రెండు గాయాలెందుకనేవారు మామగారు. నీళ్లు పట్టుకోవడం అయ్యాక మళ్లీ బిరడా కొట్టి, పైన తేనెమైనం అద్దుతారు.

నిరుడు అద్దింది నా భార్య జెంటా. ఆమె బొటనవేలి ముద్ర ఆ మైనంలో ఇంకా ఉంది. ఆకులు రాలే కాలంలో ఆమె పోయింది.

మగవాళ్లం ఆ నీళ్లు తాగేవాళ్లం. ఆడవాళ్లు ముందు మొహం కడుక్కునేవాళ్లు. తుడుచుకోకూడదు, గాలికే ఆరాలి. చలికి పగిలిన చర్మం అప్పుడే నున్నబడుతుందట. ఆరేలోపు ఆ తడి చెంపని ఇంట్లోవాళ్ల చెంపకి ఆనించాలి. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే జెంటా వచ్చి ఆనించేది. మంచుగడ్డే. తిట్టేవాణ్ణి. మొన్నటి చలికాలమంతా నాకు కావలసింది అదొక్కటే.

మొగ్గలు పగలబోతున్నాయనగా ఆమె చెల్లెలు ఔస్మా రీగా పట్నం నుంచి బస్సులో దిగింది. అక్క మంచాన పడ్డప్పుడు రాలేదు. పూడ్చిపెట్టినప్పుడూ రాలేదు. జబ్బు రోజుల్లో మాత్రం తను పనిచేసే కొట్టు నుంచి క్రీము డబ్బాలు పంపింది. వాటి మీద బర్చ్ చెట్టు బొమ్మ, ఆ నీళ్లు కలిపామన్న రాత. జెంటా రాసుకుని, "ఔస్మా వచ్చినట్టుంది" అనేది. నాకు సెంటు వాసనే వచ్చేది.

"బరమా ఎక్కడ బావా?"

"ఎందుకు?"

"మొహం కడుక్కోవడానికి. ఆకు విచ్చితే నీళ్లు చేదెక్కుతాయి. రేపటికి ఉండవు."

"నీ డబ్బాల్లో ఉన్నాయిగా. మూత తీసుకుని కడుక్కో."

"వాటిల్లో చెంచాడుంటే గొప్ప. అమ్మేదాన్ని, నాకు తెలీదా?"

నవ్వింది. నేను నవ్వలేదు.

"అడవినిండా చెట్లున్నాయి. పో."

"మా నాన్న చెట్టుకి ఇల్లరికపు అల్లుడి కాపలానా! బాగుంది వరస."

తిన్నగా వెళ్లి బిరడా మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు!"

వంగి చూసింది. ముద్ర కనబడింది. చెయ్యి తీసేసింది.

"అక్కదా?"

వెళ్లి ఆమెకీ బిరడాకీ మధ్య నిలబడ్డాను.

"అలా చిక్కిపోయిన అక్కని చూడలేక రాలేకపోయాను బావా."

"రాలేదు. అంతే."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, వెళ్లనూ లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, చెట్టు కొమ్మల్లోకి చూస్తూ నిలబడింది.

"ఒక్క దోసెడు చాలు," అంది.

వెళ్లి బరమా తెచ్చాను. జాలితో కాదు. ఆ నిలబడిన తీరు జెంటాది. బిరడా జోలికి పోకుండా, చెట్టుకి అవతలి పక్కన కొత్త చిల్లు పెట్టాను.

"రెండో గాయమా? నాన్న ఉంటే నిన్ను గెంటేసేవాడు."

"లేడుగా."

చుక్క చుక్కగా దోసిలి నిండింది. ఔస్మా మొహం కడుక్కుంది. తుడుచుకోకుండా నా వైపు నడిచింది. ఎందుకో నాకు తెలుసు. పక్కకి జరగొచ్చు. జరగలేదు.

చెంప ఆనించింది. అదే చలి. అదే తడి కొయ్య వాసన.

కళ్లు మూసుకుంటే జెంటా అయ్యేది. మూసుకోలేదు. ఔస్మాకి అంత ఇవ్వదలుచుకోలేదు.

సాయంత్రం బస్సుకి ఆమె వెళ్లిపోయింది. కొత్త చిల్లుకి బిరడా కొట్టి, మైనాన్ని కత్తి వెనకతట్టుతో అద్దాను. వేలు తగలనివ్వలేదు.

నా చెంప మాత్రం తుడుచుకోలేదు. గాలికే ఆరింది.