నూటతొంభై వోల్టుల ద్వాలి

ముందే ఒప్పుకుంటున్న: పగ తీర్చుకున్నోళ్ల కథలంటే నాకు ప్రాణం. పెద్దమనసుతోని క్షమించినోళ్లంటే గౌరవమే గాని, వాళ్ల పక్కన కూర్చోబుద్ధి కాదు. అందుకే సరళ అంటే నాకు ఇష్టం.

సరళది ములకలపల్లి అవతల అడవిని ఆనుకున్న తండా. ఈసీఈ చదివింది. క్లాసోళ్లంతా సాఫ్ట్‌వేర్ కొలువులకు ఉరికితే, ఈమె పాత రేడియోలల్ల వాల్వులు పీక్కుంట కూర్చున్నది. ఆ గాజు బుడ్లతోనే గిటార్‌కు ఆంప్లిఫయర్ చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ తన చేత్తోనే చుట్టింది. పెట్టెకు ఇంట్ల పాత తలుపు చెక్క కోయించింది.

దాని సౌండ్ ఎట్లుంటదంటే, తీగను మెల్లగ తాకితే గుసగుసలాడతది. గట్టిగ కొడితే గొంతు జీరపోయి గరగరమని లేస్తది. అది కూడా వేలు పడంగనే కాదు. రవ్వంత ఆగి, "అవ్, వస్తున్న" అన్నట్టు వస్తది. అచ్చం నాయనమ్మ ద్వాలి గొంతే. ముద్దుచేసినా అదే జీర, తిట్టినా అదే జీర. అందుకే ఇత్తడి రేకు మీద 'ద్వాలి' అని చెక్కించి పెట్టెకు బిగించింది.

జయప్రకాశ్ ఆమె క్లాస్‌మేట్. అందరికీ జేపీ. వేంసూరుల పెద్ద రైతుల ఇల్లు, ఖమ్మంల గిటార్ల షాపు. "వారం వాయించుకొని ఇస్తనే" అని ద్వాలిని తీస్కపోయిండు. వేంసూరు ఇంట్ల వాయించి వీడియో పెడితే అది లక్షల మంది చూసిన్రు. సరళ కూడా చూసింది. పెట్టె మీద రేకు లేదు. ఆ జాగాల 'జేపీ టోన్స్' అని స్టిక్కరు.

ఫోన్ కొట్టింది. "ఏందిరా గిది?"

"నువ్వు సోల్డరింగ్ చేసినవ్, అంతే. సౌండ్ నా చేతిది. అయినా ద్వాలి ఏందే? గా పేరు పెడితే ఎవడు కొంటడు?"

డబ్బా తిరిగి రాలే. దానికన్నా ఆఖరి మాటే ఆమె గొంతుల చేపముల్లు లెక్క దిగింది. ఆ రేకు మళ్ల ఎక్కాలె. పీకిన చేత్తోనే ఎక్కాలె. అంతకు తక్కువకు ఒప్పుకునేది లేదు.

నాయనమ్మకు చెప్తే, ముసల్ది ఆకు నములుకుంట అడిగింది: "నా పేరు దేనితోని పీకిండే?"

"స్క్రూడ్రైవర్‌తోని."

"మంచిది. జల్దీ చెయ్యకు బిడ్డా. వానికి తెలిసేటట్టు చెయ్."

నెల తిరగకముందే జేపీయే ఫోన్ చేసిండు. ఆ వీడియో చూసి, హైదరాబాద్ నుంచి ఉదయ్ భాస్కర్ అనే పేరున్న గిటారిస్టు ఆదివారం షాపుకు వస్తున్నడట. జేపీ ద్వాలిని విప్పి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల లెక్క తప్పకుండ అట్లాంటియే ఇంకో మూడు చేయించిండట.

"కానీ సరళా, ఇక్కడికి తెచ్చినంక నాలుగూ ఒక్కతీర్గనే సతాయిస్తున్నయ్. వాల్వులు ఊకె పోతున్నయ్. సౌండ్ రేకుల షెడ్డు మీద వడగండ్ల లెక్క ఉంది."

"షాపుల కరెంట్ ఎట్లుంది?"

"సూపర్. పెద్ద స్టెబిలైజర్ పెట్టిన. రెండొందల ముప్పైకి ఒక్క పాయింట్ తగ్గదు."

సరళ ఫోన్ దూరంపెట్టి కడుపుబ్బ నవ్వింది. తండాల కరెంట్ ఏనాడూ నూటతొంభై దాటదు. బోరు మోటర్లు ఆన్ చేస్తే బల్బులు మిణుగురులైతయ్. అందరు స్టెబిలైజర్ కొంటరు. సరళ మాత్రం ఆ నూటతొంభైకి సరిపోయేటట్టే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుకున్నది. వేంసూరుల కూడా నాట్ల కాలం, మోటర్లు నడుస్తున్నయ్, వోల్టేజీ అంతే. అందుకే వీడియోల సౌండ్ కుదిరింది. ఖమ్మంల నిండు కరెంట్ తాగి, పాపం ద్వాలికి పూనకం వచ్చింది.

"మంచి పని చేసినవ్ జేపీ," అన్నది. "స్టెబిలైజర్ మాత్రం తియ్యకు."

ఆదివారం పొద్దున బస్సెక్కి, కరెంట్ ఎక్కువ తక్కువ చేసుకునే డిమ్మర్‌స్టాట్ సంచిల పెట్టుకొని, షాపుల ఆఖరి కుర్చీల కూర్చున్నది. ముప్పై మంది దాకా వచ్చిన్రు.

ఉదయ్ భాస్కర్ ద్వాలికి గిటార్ తగిలించి తీగ మీటిండు. ముందు వరుసల ఒకాయన చెవులు మూసుకున్నడు.

"వేడెక్కాలె సార్," అన్నడు జేపీ.

వేడెక్కింది. వాల్వు లోపలి రేకు ఎర్రగ కాలుతుంది. ఉదయ్ భాస్కర్ చెయ్యి తీసేసిండు. "వీడియోల విన్నది ఇది కాదు. దీన్ని చేసింది మీరేనా?"

"నేనే సార్."

"ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వోల్టులకు చుట్టిన్రు?"

జేపీ స్టెబిలైజర్ మీద వెలుగుతున్న అంకె చూసి చదివిండు. "రెండొందల ముప్పై."

"చేసినోళ్లకైతే తెలుస్తది సార్," అని వెనక నుంచి లేచింది సరళ.

"ఇది మా ఫ్రెండే సార్, ఊకె జోక్..." అంటున్న జేపీని దాటుకొని పోయి, ప్లగ్ పీకింది. డబ్బా సల్లారేదాకా అందరినీ కూర్చోబెట్టింది. ఆ పది నిమిషాలు జేపీ ఏసీ కింద చెమటలు తుడుచుకున్నడు. డిమ్మర్‌స్టాట్ పెట్టి, అంకెలు కనపడకుండ చున్నీ కప్పి, తిప్పింది.

"ఇప్పుడు మీటండి సార్."

ద్వాలి రవ్వంత ఆగి, లేచి వచ్చింది. ఉదయ్ భాస్కర్ కండ్లు మూసుకొని పావుగంట వదల్లే. ఆగినంక అడిగిండు: "ఎవరమ్మా చేసింది?"

"జేపీ చెప్తడు సార్. మైకుల చెప్పు జేపీ."

"...సరళ."

"వినపడలే."

"సరళ చేసింది సార్!"

"రేకు ఏది?"

డ్రాయర్‌ల ఉన్నది. పీకిన స్క్రూడ్రైవర్‌తోనే ఎక్కించిండు. ఒక మర రెండుసార్లు కింద పడ్డది. ఎవరూ వంగి తీసియ్యలే.

ఉదయ్ భాస్కర్ ఆమె నంబర్ తీస్కున్నడు. సరళ డబ్బా ఎత్తుకుంటుంటే జేపీ గొంతు తగ్గించి అడిగిండు: "గా మూడింటికి ఎన్ని వోల్టులు పెట్టాల్నో అదొక్కటి చెప్పవే."

"సౌండ్ నీ చేతిది అన్నవ్ గదా. తిప్పుకుంట ఎతుక్కో."

బస్సుల ఒళ్ల డబ్బా పెట్టుకొని, జాలి వస్తదేమోనని చాలాసేపు చూసుకున్నది. రాలే. పాల్వంచ దగ్గరపడ్డంక ఆకలి మాత్రం బాగ వేసింది.

మరి మీ పని మీద ఎవడన్న వాని పేరు అతికించుకున్నడా? వానికి మీరేం చేసిన్రు? నాకు రాయండి. ఇంకా ఏం చెయ్యకపోతే, ఏం చెయ్యాలనుకుంటున్నరో అదన్న రాయండి.