ఊపిరి కొలత

పైపు చివర నోట్లో పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి మునివెంకటప్ప ఊదుతున్నాడు. ఎదురుగా బానెట్ ఎత్తిన అంబాసిడర్, కార్బురేటర్లలో మిగిలిన కాస్త పెట్రోలుతో గడగడలాడుతోంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే పైపును పంపుకు తగిలించాడు. పంపు పెట్రోలును పైకి తోస్తుంటే, అతని ఊపిరి దాన్ని కిందికి నెడుతోంది. మధ్యలో గీసిన గీత దగ్గర అది నిలబడాలి. చిత్తూరు నుంచి పూతలపట్టు పోయే రోడ్డు పక్కన, ఆ రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి ఇదే కొలత.

కారు గంగాధరానిది. తిరుమలకు యాత్రికులను చేరవేయడమే అతని బతుకు. కారు కార్బురేటర్ పగిలిపోయి కొత్తది దొరక్కపోతే, మునివెంకటప్ప తుక్కులోంచి రెండు మోటారుసైకిల్ కార్బురేటర్లు ఏరి బిగించాడు. మోటారుసైకిల్లో పెట్రోలు పైనున్న ట్యాంకులోంచి మెల్లగా జారుతుంది. కారు పంపు అలా కాదు, దూకుడు మనిషి, తోసిపారేస్తుంది. ఆ తోపు ఎక్కువైతే కార్బురేటర్లు పొంగి బండి తగలబడుతుంది. తక్కువైతే ఘాట్ రోడ్డు మధ్యలో జనంతో ఆగిపోతుంది. అందుకని పంపు కింద అట్టముక్కలు పరిచి దాని జోరు తగ్గించాలి. ఎన్ని పరవాలో చెప్పేది అతని ఊపిరే.

ఈరోజు పెట్రోలు గీత దగ్గర నిలవలేదు. పెదాల దాకా వచ్చేసింది. ఉమ్మేసి, దగ్గి, ఇంకో అట్ట వేశాడు. ఆ పైన మరొకటి.

"పంపుకు జోరెక్కువైండాదే" అని గొణిగాడు. ఊపిరితిత్తులు పాడైనాయి, పని మానుకో అని డాక్టరు చెప్పిన మాట అతనికి గుర్తుకే రాలేదు. చివరికి పెట్రోలు గీత దగ్గర నిలిచాక, గంగాధరాన్ని బండి తీసుకుపొమ్మన్నాడు.

పొద్దెక్కకముందే గంగాధరం తిరిగొచ్చాడు.

"ఊరి బయట మిట్ట కూడా ఎక్కలేదప్పా. పెట్రోలు అందక నిలిచిపోయినాది. ఆడ బస్టాండులో యాత్రికులు కాసుకోనుండారు."

సరిచేసిన బండి తిరిగి రావడం ఆ షెడ్డు ఎరగదు. మునివెంకటప్ప పంపు విప్పి అట్టలు చూశాడు. ఎప్పుడూ వేసేదానికి రెట్టింపు ఉన్నాయి. పంపులో ఏ లోపమూ లేదు, తగ్గింది తన ఊపిరే. అతనికి చావు భయం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. గంగాధరం మొహం చూడలేకపోయాడు.

"కుప్పీ, ఇట్లా రా" అని లోపలున్న భార్యను పిలిచాడు. "ఈ పైపు ఊదు."

"నేనా మామా?" అంది కుప్పమ్మ.

"పెండ్లైన కొత్తల్లో ఎగతాళికి ఊదినావు గదా. నీదీ నాదీ ఒకే గీతకాడ నిలిచినాయి. గుర్తుండాదా?"

"నీ ఊపిరికేమైంది?"

"ఊదు."

అతను సగం అట్టలు తీసేశాడు. ఇంజను తిరిగింది. కట్టెల పొయ్యి ఊదీ ఊదీ గట్టిపడ్డ ఊపిరి ఆమెది. పెట్రోలు గీత దగ్గరికి వచ్చి కదలకుండా నిలిచింది. పని కుదిరినందుకు సంతోషపడాల్సిన మనిషికి ఏడుపొచ్చింది. అది చూసి కుప్పమ్మ కళ్ళూ నిండాయి, కానీ పైపు మాత్రం వదల్లేదు.

"సాలు. కొండకే పో" అన్నాడు గంగాధరంతో.

బండి వెళ్ళింది. మునివెంకటప్ప పనిముట్ల పెట్టెకు ఆనుకుని కూచుని చెవులు రిక్కించాడు. చప్పుడు ఎక్కడా తెగకుండా మిట్ట ఎక్కి అవతలికి పోయింది.

"ఎక్కేసినాదే" అన్నాడు.

కుప్పమ్మ పెట్రోలు వాసన పోయేదాకా నోరు పుక్కిలించి, అతనికి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కళ్ళు మూసుకుని ఇంకా ఆ చప్పుడే వింటున్నాడనుకుంది. కాసేపు పిలవలేదు. పిలిచాక పలకలేదు.

సాయంత్రం గంగాధరం ప్రసాదం పట్టుకుని, "జనంతో ఒక్క దమ్ములో ఎక్కేసినాదప్పా!" అని కారులోంచే కేకేశాడు. షెడ్డు ముందు గుమిగూడిన జనం తల తిప్పి చూశారు. లోపల మేకుకు ఆ పైపు వేలాడుతోంది, చివరన మునివెంకటప్ప పంటిగాట్లతో.