బూడిదరెక్క కింద గుడ్డు

పక్షుల కేంద్రంలో నాదీ తమ్ముడిదీ ఎదురెదురు గదులు. నా గదిలో బూడిదరెక్క బాతులు, వాడి గదిలో తెల్లరెక్క బాతులు. రెక్క విప్పితే కనబడే రెండు వేళ్ల తెలుపు తప్ప వాటికీ వీటికీ తేడా లేదు. కానీ నావి ఏ చెరువులో చూసినా ఉంటాయి. వాడివి ప్రపంచం మొత్తమ్మీద రెండు వందలు కూడా మిగల్లేదట. అందుకే నా బాతుకు జబ్బు చేస్తే పాత గోనెపట్టా, వాడి బాతు తుమ్మితే డాక్టరు. నేను ఆరో తరగతిలో బడి మానేశాను, వాడు చదివాడు. బాతుల దగ్గర కూడా నాకు అదే గతి పట్టింది.

ఆ మహారాణులకు పొదగడం ఒక్కటే చేతకాదు. గుడ్డు పెట్టి లేచిపోతాయి. అలా వదిలేసిన గుడ్డును తెచ్చి నా బాతు కింద పెట్టారు.

"పెంకు మీద మొదటి పగులు కనబడగానే నన్ను పిలు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "పిల్ల కళ్లు తెరిచి ఎవరిని చూస్తే వాళ్లే దానికి అమ్మ. నా బాతునే చూడాలి."

"పొదగడానికి మాది, అమ్మ అనిపించుకోడానికి మీదీనా?"

"రూలు నేను పెట్టానా ఏంటి?"

నా బాతు మేతకు కూడా సరిగా లేవకుండా కూర్చుంది. ఇరవై ఏడో రోజు పొద్దున పెంకు పగిలింది. తమ్ముణ్ణి పిలుద్దామని తలుపు దాకా వెళ్లాను. ఎదురు గదిలో వాడేదో చెబుతుంటే, చూడవచ్చినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టి వింటున్నారు. వెనక్కి తిరిగి తలుపు వేసేశాను.

మర్నాడు మధ్యాహ్నం చెప్పాను, పిల్ల అప్పుడే బయటికొచ్చిందని.

వాడు పిల్లను తీసుకెళ్లాడు. అది మూడు రోజులు గొంతు పోయేలా అరిచింది. తెల్లరెక్కల్ని చూస్తే మూలకు పారిపోయేది. తలుపు సందు దొరికితే చాలు, నా గదికి ఒకటే పరుగు.

"ఇది పెద్దయ్యాక తన జాతితో జత కట్టదు," అని తేల్చేశారు డాక్టరు. "ఈ బూడిదరెక్క దగ్గరే ఉండనివ్వండి."

నేను కోరుకున్నదే జరిగింది. ఆయన వెళ్లాక తమ్ముడు గడప దగ్గరే ఆగాడు.

"నువ్వు పిలిచిన రోజున దాని ఒంటి మీద అప్పుడే పుట్టిన తడి లేదన్నయ్యా. నా మీద కడుపుమంట ఉంటే నన్ను రెండు తన్నాల్సింది. దాని జోలికెందుకెళ్లావు?"

నేను తల తిప్పి బాతు కింద గోనెపట్టా సర్దాను. పిల్ల మాత్రం హాయిగా నా బాతు రెక్క కిందికి దూరింది.

నెల తిరక్కుండా తెల్లరెక్క ఇంకో గుడ్డు పెట్టింది. దాన్ని నా గదికి తేలేదు, గుడ్లు పొదిగే వేడిపెట్టె కొత్తగా తెప్పించి అందులో పెట్టారు. తమ్ముడు ఇంటి నుంచి పరుపు తెచ్చుకుని, వేడిపెట్టె పక్కనే కాపలా కూర్చున్నాడు.