ఉబ్బిన ప్యాకెట్

ఆ పొద్దున ఆకాశం మబ్బేసి ఉంది. చినుకూ పడలేదు, వెలుతురూ రాలేదు. చేపల షెడ్డు గేటు తీస్తారని నలభై మందిమి నిలబడ్డాం. నేను గోడవారగా, అందరికీ దూరంగా.

నా పని వాక్యూమ్ మిషన్ మీద. ఉడికించిన చేపముక్కలు కవర్లో పెట్టి మూత దించితే, మిషన్ గాలి లాగేసి అంచు అతికిస్తుంది. అతికిన ప్యాకెట్ వెంటనే కోల్డ్ రూమ్‌కి పోవాలి. కరెంటు దండగని కాంట్రాక్టరు కోల్డ్ రూమ్ ఆపించాడు. ప్యాకెట్లు ఉబ్బడం మొదలైంది. ఉబ్బినదాన్ని సూదితో పొడిచి, ముక్కల్ని కొత్త కవర్లోకి మార్చి, కొత్త తేదీ అంటించమన్నాడు. ఆ సూది నా కాలర్‌లో ఉండేది. నా పేరే సూది అయిపోయింది. రెండోసారి కూడా ఉబ్బినవాటిని పనివాళ్లు ఊరికే పట్టుకెళ్లొచ్చు.

ట్రేలు కడిగే అక్క అలాగే ఒకటి పట్టుకెళ్లింది. మర్నాటికి రెప్పలు వాలిపోయాయి. మంచినీళ్లు గొంతు దిగలేదు. మాట పోయింది, తర్వాత ఊపిరి. తొమ్మిది రోజులైంది. అప్పట్నుంచి నేను మిషన్ వెనక, గోడకేసి తిరిగి తింటున్నాను.

ఆ రోజు లోపలికి వెళ్లగానే ఉబ్బిన ప్యాకెట్ల ట్రేలు నా ముందుకు వచ్చాయి.

"మధ్యాహ్నం లారీ వస్తుంది. కానియ్‌రా సూదీ," అన్నాడు కాంట్రాక్టరు.

తూకం వేసే ఆమె లేచి వచ్చింది. చనిపోయిన అక్కకు సొంత చెల్లెలు. మిషన్ పక్కన అంటించిన తేదీ చీటీల్ని గోటితో గీకింది. వాటి కింద, మిషన్ బిగించినవాళ్లు అతికించిన కాగితం. అందరికీ వినపడేలా చదివింది.

"గాలి తీసినంత మాత్రాన క్రిములు చావవు. గాలి లేనిచోటే పెరిగేవీ ఉన్నాయి. చల్లగా ఉంచాలి. ఉబ్బిన ప్యాకెట్ పారేయాలి. రుచి చూడకూడదు."

"వాసన వచ్చిందా? రాలేదుగా. వాసన లేనిది విషం ఎలా అవుతుంది?" అన్నాడు కాంట్రాక్టరు.

"అయితే ఒక్క ముక్క తినండి బాబూ." ప్యాకెట్ చాపింది.

కాంట్రాక్టరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పొద్దున్నే నాకు చేప పడదు."

"మా అక్కకీ పడలేదు," అంది ఆమె.

తొమ్మిది రోజులుగా నా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "అక్క పట్టుకెళ్లింది నేను పొడిచిందే. బాగుందా తమ్ముడూ అని అడిగింది. గాలే కదక్కా అన్నాను."

ఆమె నా వైపు తిరిగింది.

"ఇవాళ పొడుస్తావా?"

"పొడవను."

సూది తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"వీడు కాకపోతే ఇంకొకడు," అన్నాడు కాంట్రాక్టరు.

ఆమె చెయ్యి చాపి షెడ్డంతా తిరిగింది. "ఎవరు తీసుకుంటారు? తీసుకోండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు నా మిషన్ ఆగింది, తర్వాత పక్కది, ఆ తర్వాత అన్నీ. ట్రేలు మోసుకెళ్లి గేటుకు అడ్డంగా పెట్టాం. ఇవి పూడ్చేదాకా, కోల్డ్ రూమ్ మళ్లీ ఆన్ చేసేదాకా పనిలేదన్నాం. మధ్యాహ్నానికి లారీ వచ్చి ఖాళీగా వెనక్కి తిరిగింది. అది పోగానే కాంట్రాక్టరు పిలిపించిన పోలీసు వ్యాన్ వచ్చింది.

"వీళ్లలో సూది ఎవడు?" అన్నాడు దిగినాయన.

లేచాను.

"అన్నం వేళ. తిన్నాక వస్తాడు. మేమూ వస్తాం," అంది తూకం ఆమె.

నా డబ్బా పట్టుకుని అలవాటుగా గోడవైపు నడిచాను. ఆమె నా వైపు చూడకుండానే కొంచెం జరిగింది. ఆమె పక్కన కూర్చున్నాను. నలభై డబ్బాల మూతలు లేచాయి. వ్యాన్ తలుపు తెరిచే ఉంది. తిన్నాం.