తివాచీ మీది కారు

మా ఆయన డెల్బర్ట్ ఆ కారు కొన్నది మా అన్నయ్య కోసమట. ఈ మాట ఊళ్లో కనబడిన ప్రతివాళ్లకీ చెప్పాడు. మంగలి షాపులో చెప్పాడు, చర్చిలో చెప్పాడు, ఆఖరికి పళ్ల డాక్టరు నోట్లో దూది కుక్కితే తప్ప ఆపలేదు. విన్నవాళ్లంతా "ఎంత మంచివాడివయ్యా" అన్నారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఇన్సూరెన్సు అమ్మి రిటైరైన మనిషి మాట నమ్మడం నా బుద్ధితక్కువ.

అన్నయ్య పేరు ఆర్లో. వాడికి ఊపిరితిత్తులు చెడిపోయాయి. బతుకంతా నది ఒడ్డున సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇప్పుడు ఊరి చివర వృద్ధుల ఆశ్రమంలో, ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. మంచు పడేదాకా ఉంటే అదే గొప్పని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. అన్నయ్యకి చెప్పక్కర్లేదు, వాడికి ముందే తెలుసు.

వయసులో ఉన్నప్పుడు అన్నయ్యకి కార్వెట్ అని ఒక నీలం స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు, పైకప్పు దించితే ఆకాశమే. అవి అప్పట్లో మాకు దగ్గర్లోని సెయింట్ లూయీలోనే తయారయ్యేవి. నాకు గేర్లు వెయ్యడం నేర్పింది ఆ బండిలోనే. నేను క్లచ్చి తప్పుగా వదిలినప్పుడల్లా "దాన్ని చంపకే తల్లీ" అని మొత్తుకునేవాడు. తర్వాత కవలలు పుట్టారు. కార్వెట్ అమ్మేసి, పొడుగాటి కుటుంబం బండి ఒకటి కొన్నాడు. ఒక్కసారి కూడా విచారపడలేదు, పైకి.

జులై నాలుగు పండగనాడు మా పెరట్లో పొయ్యి చుట్టూ కూర్చుని ఉండగా అన్నయ్య అన్నాడు, "పోయేలోగా ఒక్కసారి అలాంటి బండిలో, పైకప్పు దించుకుని, నది రోడ్డు మీద వెళ్తే చాలు." అంతే. డెల్బర్ట్ చేతిలో హాట్‌డాగ్ పట్టుకునే లేచి నిలబడ్డాడు. "బావా, ఆ పూచీ నాది!" అన్నాడు. ఆవాలపచ్చడి చొక్కా మీద కారింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వారమే కాన్సాస్ సిటీ వైపు ఒక షెడ్డుకి వెళ్లాం. అక్కడ రస్ అనే పెద్దమనిషి పాత కార్లను ఊడదీసి కొత్తవిగా చేసి అమ్ముతాడు. గుమ్మంలోనే మమ్మల్ని ఆపాడు.

"బెల్టు తీసెయ్యండి. గడియారం, ఉంగరం కూడా. రంగుకి గీత పడుతుంది. మేడమ్, మీ సంచీ బయట పెట్టండి."

మా ఆయన బెల్టు తీసి నాకిచ్చాడు. జారుతున్న ప్యాంటుని ఒక చేత్తో పట్టుకుని, ఎంతో భక్తిగా లోపలికి నడిచాడు. మా పెళ్లిలో కూడా అంత భయభక్తులతో నడవలేదు.

కారు నిజంగా బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అన్నయ్య బండి రంగే. రస్ నేల మీద దుప్పటి పరిచి మమ్మల్నిద్దరినీ దాని మీద పడుకోబెట్టాడు, కారు అడుగుభాగం చూడమని.

"ఈ సుద్ద గీతలు చూశారా? ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో బోల్టు బిగించినవాడు ఇలా గుర్తు పెట్టేవాడు. మేం మళ్లీ అలాగే పెట్టించాం. ఇదిగో, ఇక్కడ రంగు కారింది చూడండి. కూలీలు తొందరలో అలాగే కార్చేవాళ్లు. సరిగ్గా ఇలా కారడానికి మావాడు ఎన్నిసార్లు వేశాడో!"

"అబ్బ!" అన్నాడు డెల్బర్ట్, కళ్లు చెమర్చి.

మా వంటింటి గోడ మీద రంగు ఇంతే కారితే పెయింటర్ని గుమ్మంలోంచే తరిమేసిన మనిషి ఇతను. ఒళ్లు మండింది నాకు. లేచి దులుపుకుని అడిగాను, "అవన్నీ సరే, ఎలా నడుస్తుంది?"

పసిపాప ధర ఎంత అని అడిగినట్టు చూశాడు రస్. "నడపడమా?" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "మేడమ్ ఈ లోకానికి కొత్తా?" అన్నాడు. డెల్బర్ట్ వాడితో కలిసి నవ్వాడు. మగాళ్లిద్దరూ చెవులు కొరుక్కున్నారు. ఆ తర్వాత చెక్కు రాశాడు మా ఆయన. అంకె నేను చెప్పను, చెబితే మళ్లీ కడుపు మండుతుంది.

హాల్లో తివాచీ మార్చమని ఏళ్ల తరబడి మొత్తుకుంటే "ఇంకా బాగానే ఉందిగా" అన్నవాడు గరాజులో ఉన్ని తివాచీ పరిచాడు, కారు కింద. గరాజుకి వేడి పెట్టించాడు, చల్లదనం పెట్టించాడు. పొద్దున్నే లేచి కాఫీ అయినా తాగకుండా మెత్తటి బ్రష్షు పట్టుకుని వెళ్లి ఆ తివాచీని దువ్వేవాడు. నా జుట్టు ఊడిపోతున్న సంగతి ఇప్పటికీ ఆయన చూడలేదు.

"అన్నయ్యని ఎప్పుడు తిప్పుతావు?" అంటే జులైలో ఎండకి తోలు సీట్లు పగులుతాయన్నాడు. ఆగస్టులో రోడ్డు తారు కరిగి అంటుకుంటుందన్నాడు. సెప్టెంబరులో అద్దానికి పురుగులు కొట్టుకుంటాయట. అక్టోబరులో ఆకులు రాలి జిగురు పడుతుందట. ఇంతలో పాత కార్ల క్లబ్బులో చేరాడు. వాళ్లు శనివారాలు ఒకచోట కూడి, ఒకరి కారు కింద ఒకరు టార్చిలైటు వేసుకుని చూసుకుని, సుద్ద గీత వంకర పోయిందని మూతులు ముడుచుకునే ముసలివాళ్లు. ఎవరి కారూ రోడ్డెక్కదు. ట్రైలర్ మీదెక్కి వస్తుంది, ట్రైలర్ మీదెక్కి పోతుంది.

అన్నయ్య ఫోన్ చేసేవాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగేవాడు.

"ఏమ్మా వెర్నా... మీ పెళ్లికూతురు... ఇంకా గడప దాటలేదా?"

"దిష్టి తగులుతుందని దాచాం అన్నయ్యా," అనేదాన్ని. సుద్ద గీతల సంగతీ, కార్చిన రంగు సంగతీ చెబితే నవ్వి నవ్వి దగ్గేవాడు. వారం వారం ఆ నవ్వు చిన్నదవుతోంది. ఫోన్ పెట్టేశాక నేను సింకు దగ్గర నిలబడి ఏడ్చేదాన్ని.

ఒకరోజు ఇక పట్టలేక గరాజులోకి వెళ్లాను. "తాళం ఇలా ఇవ్వు. నేనే తీసుకెళ్తాను."

"వెళ్లదు," అన్నాడు డెల్బర్ట్, దువ్వడం ఆపకుండా.

"ఏం, నాకు గేర్లు రావనా?"

"అది కాదు. బండి వెళ్లదు. ట్యాంకులో పెట్రోలు పొయ్యకూడదు, లోపల మరక పడుతుంది. ఆ టైర్లు చూడ్డానికే, ఆ కాలం నాటివి, రోడ్డెక్కితే పగిలిపోతాయి. బ్యాటరీ ఒట్టి పెట్టె. అందాల పోటీల బండి అంటే అంతే."

"ఇదంతా కొనేటప్పుడే తెలుసా నీకు?"

"రస్ చెప్పాడు."

"మరి అన్నయ్యతో పూచీ నాదన్నావు?"

"తిప్పుతానే, ఎవరు కాదన్నారు? పోటీలో ప్రైజు రానీ. ఆ తర్వాత టైర్లు మార్చి, ట్యాంకు మార్చి..."

"మంచు పడేలోగానా?"

చక్రం మీద కనపడని దుమ్మేదో ఊదాడు. మా కాపురంలో ఆయన మీద కోపం చాలాసార్లు వచ్చింది. అసహ్యం వెయ్యడం మాత్రం అదే మొదటిసారి.

పోటీ ఊరి సంతమైదానంలో, ఒక శనివారం పెట్టారు. ముందురోజు సాయంత్రమే క్లబ్బువాళ్లు వచ్చి కారుని తాడేసి లాగి, పైన కప్పులేని ట్రైలర్ మీదికెక్కించారు. చక్రాలకి పట్టీలు బిగించి, ట్రైలర్‌ని మా పికప్ ట్రక్కుకి తగిలించి, పెళ్లికూతురికి ముసుగేసినట్టు మెత్తటి గుడ్డ కప్పారు. పొద్దున డెల్బర్ట్ వాళ్లతో పాన్‌కేకుల ఫలహారానికి వెళ్తూ చెప్పాడు, "ఇప్పుడే వస్తా. మబ్బు పడితే గుడ్డ మీద ఇంకో గుడ్డ కప్పు."

మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ దాన్నే చూస్తున్నాను. ఎదురుగా ట్రక్కు ఉంది. తాళం మేకుకి వేలాడుతోంది. కారు నడవదు సరే, ట్రైలర్ నడుస్తుందిగా! కాఫీ పారబోసి లేచాను.

ఆశ్రమం వాకిట్లో ఆపి గుడ్డ లాగేసి, పైకప్పు దించాను. అన్నయ్యని చూసుకునే డెనీస్ బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. మనిషి నిలువెత్తు, మనసూ అంతే.

"వెర్నా గారూ, సర్కస్ పెట్టారా?"

"పెట్టానమ్మా. లోపల సింహం ఉంది, తీసుకురా."

చక్రాల కుర్చీలో వచ్చాడు అన్నయ్య. కారుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంజిను?"

"నడవదు."

"బ్రేకులు?"

"నా దగ్గరున్నాయి."

"మరింకేం," అన్నాడు. "ఎక్కించండి."

డెనీస్ వాడిని చంటిపిల్లాడిలా ఎత్తి లోపల కూర్చోబెట్టింది. ఎక్కిస్తుంటే అన్నయ్య బెల్టు కొక్కెం తలుపుకి గీసుకుని కర్రుమంది. ఎంత హాయిగా ఉందో నా చెవులకి! సిలిండరుని పక్క సీట్లో పెట్టి దానికి కూడా పట్టీ కట్టాం. డెనీస్ నా పక్కనెక్కి, దారంతా వెనక్కి తిరిగే కూర్చుంది.

నది రోడ్డు మీద మెల్లగా పోనిచ్చాను. వెనక వచ్చేవాళ్లు హారన్లు కొట్టారు, ముందుకొచ్చి చూసి నోళ్లు తెరిచారు. నేను అద్దంలోంచి అన్నయ్యని చూస్తున్నాను. నెత్తిన ఉన్న నాలుగు వెంట్రుకలూ గాలికి లేచాయి. ఆ స్టీరింగు అంగుళం కదలదని వాడికి తెలుసు. అయినా ప్రతి మలుపులో ఒళ్లంతా వంచి తిప్పుతున్నాడు. ఎత్తు వచ్చిన చోట గేరు కర్ర మీద చెయ్యి వేస్తున్నాడు. ఒకచోట నేను గేరు తప్పు వేస్తే ట్రక్కు ఎగిరిపడింది, వాడు వెనక నుంచి ఏదో అరిచాడు. నాకు వినపడలేదు గానీ ఏమన్నాడో తెలుసు. రోడ్డు మసకబారింది నాకు. డెనీస్ రుమాలు అందించింది.

దారిలో కస్టర్డ్ ఐస్‌క్రీము కొట్టు దగ్గర ఆపమని చేత్తో సైగ చేశాడు. కిటికీలోని అమ్మాయి మెడ రిక్కించి పైకి చూసింది.

"ఏం కావాలండీ?"

"వెనిలా," అన్నాడు అన్నయ్య పైనుంచి. "పెద్దది."

చినుకులు మొదలయ్యాయి. పైకప్పు వేస్తానంటే వద్దని తల ఊపాడు. అన్నయ్య చేతిలోంచి కస్టర్డ్ కరిగి నీలం తోలు మీద కారుతుంటే, మేం ముగ్గురం కలిసి సంతమైదానంలోకి వెళ్లాం.

డెల్బర్ట్ పరుగెత్తుకొచ్చాడు. ఆ వయసులో ఆ పరుగు చూసి నేనే ఆశ్చర్యపోయాను. వెనకే తెల్ల గ్లవ్సు వేసుకున్న న్యాయనిర్ణేత వచ్చాడు. అతను ట్రైలరెక్కి, లోపలికి వంగి, శవాన్ని చూసినట్టు చూశాడు.

"సీటు మీద ఏమిటిది?"

"వెనిలా అండీ," అన్నాడు అన్నయ్య వినయంగా. "ఫ్యాక్టరీలో కూలీలు... తొందరలో... కార్చేవాళ్లు."

డెనీస్ పగలబడి నవ్వింది. క్లబ్బువాళ్లలో కూడా ఒకరిద్దరు అటు తిరిగి నవ్వుకున్నారు. డెల్బర్ట్ మొహం కందగడ్డలా అయింది. "నువ్వేం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నాడు నాతో. బావ ఎలా ఉన్నాడని అడగలేదు. వానలో తడుస్తున్నాడని గుడ్డ తెచ్చాడనుకున్నాను, తెచ్చి కారు తలుపు తుడిచాడు.

ప్రైజు రాలేదు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నాకు బాగానే ఉంది.

మొదటి మంచు పడిన వారంలోనే అన్నయ్య పోయాడు. స్మశానానికి ట్రక్కులో వెళ్లాం. మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లారట, అది తగిలితే తుప్పట, కారు తియ్యడానికి లేదట. తీస్తే మాత్రం ఏం కదులుతుంది? ఖననం అయ్యాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. పళ్లెంలో హామ్, బంగాళాదుంపల సలాడ్ వేసుకుని చుట్టూ నలుగుర్ని పోగేసుకున్నాడు డెల్బర్ట్.

"బావకి మాటిచ్చాను. పోయేలోగా ఆ కారులో నది రోడ్డు మీద తిప్పుతానన్నాను. తిప్పాను. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న తృప్తి ఉంది చూశారూ..."

వింటున్నవాళ్లు "ఎంత మంచివాడివయ్యా" అన్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆయన కూడా నిజంగానే తుడుచుకున్నాడు, అదే నాకు పుండు మీద కారం చల్లినట్టనిపించింది. అబద్ధాన్ని అప్పటికే నమ్మేశాడు.

నా పళ్లెం బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చెప్పాను.

"డెల్బర్ట్, ఆ కారుని ఇంతవరకూ నడిపినవాడు ఒక్కడే. అతన్ని ఇందాకే పూడ్చి వచ్చాం."